చేతులు చూడ్డానికి వచ్చిన మనిషి

ఆవిడకి అమ్మానాన్నలు పెట్టిన పేరొకటి ఉండే ఉంటుంది. ఆ వాడలో మాత్రం అది ఎవరికీ గుర్తులేదు, సబ్బక్క అంటేనే పలుకుతుంది. ఎక్కడికెళ్ళినా చేతిసంచిలో ఒక రేకు డబ్బా, డబ్బాలో సబ్బు ముక్క. పలకరిద్దామని వచ్చిన పిల్లల్ని కూడా రెక్క పుచ్చుకుని పంపు దగ్గరికి లాక్కెళ్ళి, గోళ్ళ సందులు తోమి గానీ వదలదు. వాళ్ళాయన ఒక గోదాముకి కాపలా మనిషి, సరదా నోరు. ఇన్నేళ్ళ కాపురంలో మా ఆవిడ నా మొహం చూసిన పాపాన పోలేదు గానీ నా గోళ్ళు మాత్రం పూటపూటా చూస్తుందని చెప్పి నలుగుర్నీ నవ్విస్తుంటాడు. ఆవిడ నవ్వదు. ఆ సబ్బు వెనకాల ఏముందో ఆయనకీ తెలుసు, అందుకని ఆ మాట అన్నాక ఆయన కూడా ఎక్కువసేపు నవ్వడు.

ఏముందో చెప్పేస్తాను, దాచి ఊరించడం నాకు చేతకాదు. వాళ్ళకో కొడుకుండేవాడు. అప్పుడప్పుడే గోడ పట్టుకుని నడక నేరుస్తున్న వయసు. ఆ రోజుల్లో సబ్బక్క వాడ చివర ఉమ్మడి మరుగుదొడ్ల దగ్గర పనిచేసేది. తెల్లారకముందే వెళ్ళి బకెట్లు నింపడం, కడగడం, ఎవరు ముందొచ్చారని కొట్టుకునే వాళ్ళని విడదీయడం. ఆవిడ పనిలో ఉంటే పిల్లాణ్ణి చెల్లెలు చూసుకునేది. ఇంకా పెళ్ళికాని పిల్ల, అక్క కొడుకంటే ప్రాణం పెట్టేది. ఒకరోజు వాడికి విరేచనాలు పట్టుకున్నాయి. పొద్దున మొదలైంది, సాయంత్రం ఆసుపత్రి గడప ఎక్కేసరికి చెయ్యి దాటిపోయింది. అంత దుఃఖంలో మనిషికి ఎవరో ఒకరు దొరకాలి కదా. ఆ గుమ్మంలోనే చెల్లెలి వైపు తిరిగి ఆవిడ ఒక్క మాట అంది.

"నీ మురికి చేతులే నా కొడుకుని పొట్టన పెట్టుకున్నాయి."

చెల్లెలు ఎదురు చెప్పలేదు, ఏడవనూ లేదు. ఆ మాటతోనే ఇద్దరికీ మాటలు పోయాయి. తర్వాత చెల్లెలికి పెళ్ళయింది, అదే వాడలో వెనక సందులో కాపురం పెట్టింది. దారిలో ఎదురుపడితే ఒకరు అటు, ఒకరు ఇటు మొహం తిప్పుకుని వెళ్ళిపోవడం, అన్నేళ్ళూ అదే తంతు. సబ్బక్కకి మళ్ళీ పిల్లలు పుట్టలేదు. సబ్బు డబ్బా మాత్రం సంచిలోకి వచ్చి చేరింది.

ఇక ఆవిడ పరిశోధన పనిలో చేరిన సంగతి. ఒక కాలేజీ వాళ్ళు వాడలోకి వచ్చారు. ఇలాంటి చోట్ల పిల్లలకి మాటిమాటికీ విరేచనాలు ఎందుకు పట్టుకుంటున్నాయి, జనం చేతులు ఎప్పుడు కడుక్కుంటున్నారు, ఎప్పుడు కడుక్కోవడం లేదు, ఇదీ వాళ్ళు తేల్చదలుచుకున్నది. అడిగితే ఎవరైనా కడుక్కుంటామనే చెప్తారు. అందుకని ఇంట్లో ఒక మూల కూర్చుని కళ్ళతో చూసి రాసే మనుషులు కావలసి వచ్చారు. ఆ పని నడిపే మేడం సబ్బక్కని ఏరికోరి తీసుకుంది. ఆ వాడలో ఆవిడకి తెరుచుకోని తలుపు లేదు మరి, ఒక్కటి తప్ప. ఆ ఒక్కటి మేడంకి ఎవరూ చెప్పలేదు.

పని పైకి చూడ్డానికి హాయి. కూర్చోవాలి, చూడాలి, కాగితం మీద గీత పెట్టాలి. పిల్లని కడిగాక తల్లి చేతులు కడుక్కుందా, సబ్బుతోనా, ఉత్త నీళ్ళతోనా, వంటకి ముందో, తినిపించే ముందో. ఇంట్లో వాళ్ళకి మాత్రం ఇంటిపనులు ఎలా సాగుతాయో చూస్తున్నామని చెప్పాలి. చేతుల కోసం వచ్చామంటే ఇంక ఆ పూట కడగనివాళ్ళు ఎవరుంటారు? అసలు కష్టమేమిటంటే నోరు విప్పకూడదు. సలహా ఇవ్వకూడదు, మెచ్చుకోకూడదు, మొహం చిట్లించకూడదు, వాళ్ళింట్లో మంచినీళ్ళు కూడా ముట్టకూడదు. సబ్బక్కని నోరు కట్టేసి కూర్చోబెట్టడమంటే మాటలా? కొత్తలో ఆవిడకి తిన్నది అరగలేదు. చెయ్యి కడగకుండా పిండి కలిపేవాళ్ళని చూస్తూ నాలుక కొరుక్కుని ఇంటికొచ్చేది, వచ్చి ఆ కసంతా వాళ్ళాయన గోళ్ళ మీద తీర్చుకునేది. నోరు విప్పడానికి ఒకే ఒక్క వీలుంది. ఎవరికైనా ప్రాణం మీదికి వచ్చేలా ఉంటే అన్నీ ఆపేసి మేడంకి ఫోన్ చెయ్యాలి.

మర్నాడు ఎవరు ఏ ఇంట్లో కూర్చోవాలో మేడం ముందురోజే చదివేది. చుట్టాల ఇల్లయితే చెప్పమనేది, మార్చేస్తానని. అలా ఒకరోజు వెనక సందులో ఇల్లు సబ్బక్క వంతుకి వచ్చింది. చెల్లెలిల్లు. చుట్టాలెవరైనా తగిలారా అని మేడం అడిగింది. సబ్బక్క చెప్పలేదు. చెల్లెలు అనే మాట నాలుక మీదికి వచ్చి ఎన్నాళ్ళయిందో. అదొకటి. రెండోదే అసలుది. ఎన్నాళ్ళకో చెల్లెలి కడుపు పండిందని, ఆడపిల్ల పుట్టిందని ఆ నోటా ఈ నోటా విన్నది. ఏడాది నిండబోతున్న ఆ పిల్లని ఇంతవరకూ చూడలేదు. చూడాలని ఉంది. అంతే, అంత చిన్న కోరిక. ఎలాగూ మాట్లాడకూడదనేగా రూలు, ఇంక గొడవేముంది అనుకుంది. ఇలాంటి తెలివే మనిషి కొంప ముంచేది.

తెల్లవారగానే వెళ్ళి తలుపు కొట్టింది. చెల్లెలు తలుపు తీసి, అక్క మొహం చూసి, మెడలో కాలేజీ కార్డు చూసి అలాగే నిలబడిపోయింది. నువ్వొద్దు, ఇంకెవర్నైనా పంపమను అనొచ్చు. అనలేదు. పక్కకి జరిగింది. ఆమె మొగుడు సరుకుల లారీ మీద ఊళ్ళు తిరిగే మనిషి, ఆ వేళ ఇంట్లో లేడు. ఉన్నది ఒక్కటే గది. ఒక వారన పొయ్యి, గిన్నెలు, నీళ్ళ బిందె. ఇంకో వారన కుట్టుమిషను, దాని చుట్టూ కుట్టాల్సిన గుడ్డసంచుల గుట్ట. వెనక తలుపు తీస్తే రేకులు అడ్డం కట్టిన దొడ్డి. సబ్బక్క మూలగా స్టూలు వేసుకుని కూర్చుంది. మిషను పక్కన బొంత మీద పాప పడుకుని ఉంది.

పిల్ల మరీ బుద్ధిగా పడుకుంది. పరాయి మనిషి ఇంట్లోకొస్తే ఆ వయసు పిల్ల ఏడవాలి, పాక్కుంటూ పోయి తల్లి కాళ్ళు చుట్టేసుకోవాలి. ఈ పిల్ల కళ్ళు తిప్పి ఒకసారి చూసి మళ్ళీ మూసుకుంది. కాసేపటికి బొంత తడిసింది. నీళ్ళలా పోయింది. చెల్లెలు కడిగింది, గుడ్డ మార్చింది, దొడ్లోకి వెళ్ళి సబ్బుతో చేతులు కడుక్కుంది. సబ్బక్క గీత పెట్టింది.

మొదట్లో అందరూ కడుక్కుంటారని మేడం ముందే చెప్పింది. ఒక మనిషి మూల కూర్చుని గుడ్లప్పగించి చూస్తుంటే ఎవరైనా కాస్త నటిస్తారు, పోనుపోను మర్చిపోయి అసలు తీరుకి వస్తారు. సబ్బక్క ఆ అసలు తీరు కోసం కాచుక్కూచుంది. నిజం చెప్పాలంటే, లోపల ఎక్కడో, చెల్లెలు ఒక్క తప్పయినా చేస్తే బాగుండునని ఉంది. అప్పుడు తను అన్న మాట నిజమవుతుంది కదా. ఛీ, నా బుద్ధి మండ అనుకుంది. అనుకుంటూనే చూస్తోంది.

చెల్లెలు మర్చిపోలేదు. పంపు వచ్చిందని సందులో కేక వినపడగానే వెళ్ళి, ముందొచ్చే పసుపు నీళ్ళు వదిలేసి, తేరాక పట్టుకొచ్చింది. గుడ్డతో వడకట్టి బిందె మీద మూత పెట్టింది. ముంచాల్సి వస్తే కాడ గరిటెతోనే ముంచింది. మిషను తాకితే చేతులు కడిగింది, తలుపు గొళ్ళెం తాకితే కడిగింది, పాప నుదుటి మీద చెయ్యి వేసే ముందు కడిగింది, వేశాక కడిగింది. ఒకసారి గుమ్మం వెలుగులోకి వచ్చి చేతులు విదుల్చుకుంటుంటే సబ్బక్క ఆ వేళ్ళు చూసింది. చర్మం నానిపోయి తెల్లగా పాలిపోయింది, కణుపుల దగ్గర పగిలి పచ్చిగా ఎర్రగా ఉంది. ఒక పూట నటిస్తే చేతులు అలా అవవు. ఏళ్ళ తరబడి అరగదీస్తే అవుతాయి. ఎవరి మాట విని అరగదీసిందో సబ్బక్కకి వేరే చెప్పాలా?

మరి పిల్లకి ఈ రోగం ఎక్కణ్ణించి వచ్చింది? కాగితం నిండా మంచి గీతలే ఉన్నాయి. వంక పెట్టడానికి చెయ్యన్నది మిగల్లేదు. మిగిలింది ఆ మూత కింద నీళ్ళు. ఆ సందుకి వచ్చే గొట్టం మురిక్కాలవలో మునిగే వస్తుంది, పుట్టినప్పట్నుంచీ చూస్తున్నదే, అందుకే ఎవరి కంటికీ ఆనదు. సబ్బక్క ఆ బిందె వైపు చూసింది, పాప వైపు చూసింది.

పాపకి మళ్ళీ అయింది, మళ్ళీ అయింది. చెల్లెలు చెమ్చాతో పెదాలు తడిపి ఆపేస్తోంది. పోసిందంతా పోతోంది కాబట్టి పొయ్యకపోతే ఆగుతుందని ఆమె నమ్మకం. వెనకటికి పిల్లాడి విషయంలో ఇంటిల్లిపాదీ నమ్మింది కూడా అదే. పాప మూలిగింది, ఏడుపు మొహం పెట్టింది, కళ్ళలో నీటిచుక్క రాలేదు. కళ్ళు లోతుకి పోయాయి. ఆ మొహం సబ్బక్కకి తెలుసు. తన ఒళ్ళోనే చూసింది.

ప్రాణం మీదికి రావడమని మేడం చెప్పింది ఇదేనా? ఆ సందులో విరేచనాలంటే జలుబుతో సమానం, వస్తాయి, పోతాయి. ఊరికే కంగారుపడి ఫోన్ చేస్తే చుట్టరికం బయటపడుతుంది, ఉద్యోగం ఊడుతుంది. అది చిన్న భయం. పెద్ద భయం వేరే ఉంది. నీ పిల్లకి బాగోలేదు అని తను నోరు తెరిస్తే చెల్లెలికి వినపడేది ఆ మాట కాదు, ఆసుపత్రి గుమ్మంలో అన్న పాత మాటే. ఒకసారి తను నోరు జారినందుకు ఈ మనిషి ఇలా అయిపోయింది. ఇంకోసారి అంటే ఏమైపోతుందో. అనకపోతే పిల్ల ఏమైపోతుందో. పెన్సిలుతో ఏ గడిలో ఏ గీత పెడుతోందో ఆవిడకే తెలియడం లేదు.

ఆఖరికి నోరు తెరిచింది. అన్నేళ్ళ తర్వాత చెల్లెలితో వచ్చిన మొదటి మాట, తప్పయిపోయిందనీ కాదు, బాగున్నావా అనీ కాదు.

"దానికి నీళ్ళు పట్టు. ఆపకు."

చెల్లెలు ఇటు తిరగలేదు. పొయ్యి దగ్గర గిన్నెలు సర్దుతూనే అంది. "నా చేతులు చూడ్డానికేగా వచ్చావు. చూసి, రాసుకుని వెళ్ళు."

ఇంటిపనులు చూడ్డానికని చెప్పమన్నారు, వాడంతా నమ్మింది. ఈమె ఒక్కతే నమ్మలేదు. తన చేతుల మీద తీర్పు చెప్పడానికి తన అక్కే వచ్చి కూర్చుందనుకుంది. అలా అనుకుని కూడా తలుపు తీసి పక్కకి జరిగింది.

ఇంక ఆ స్టూలు మీద కూర్చోవడం ఆవిడ వల్ల కాలేదు. కాగితాలు జారిపడితే పడనిచ్చి లేచింది, డబ్బాలో సబ్బు తీసి చేతులు కడుక్కుంది, పాప పొట్ట మీద చర్మం రెండు వేళ్ళతో పట్టి వదిలింది. ముడత వెంటనే సర్దుకోలేదు, నెమ్మదిగా, చాలా నెమ్మదిగా దిగింది, ఒంట్లో నీళ్ళు ఇంకిపోయిన గుర్తు అది. చెల్లెలు అది చూసి చేతిలో గిన్నె అక్కడే వదిలేసి వచ్చింది.

"నన్ను తిట్టాలంటే తర్వాత తిట్టు. ముందు ఆసుపత్రికి పద."

తర్వాత సంగతులు ఒకదాని మీద ఒకటి జరిగిపోయాయి. సబ్బక్క చక్కెర, ఉప్పు అడిగింది. కలపడానికని చెల్లెలు బిందె మూత తీయబోతే గబుక్కున ఆ చెయ్యి పట్టుకుని ఆపేసింది, ఆ నీళ్ళు వద్దంది. పని చేసే ఇంట్లో నీళ్ళు ముట్టకూడదని తన ఇంటి నుంచి కాచి తెచ్చుకున్న నీళ్ళ సీసా ఉంది, అందులో కలిపింది. చెల్లెలు ఆ సీసా వైపు, తన బిందె వైపు మార్చిమార్చి చూసింది. సబ్బక్క మేడంకి ఫోన్ చేసింది. ఎవరి పిల్ల అని మేడం అడిగింది. సబ్బక్క ఇంటి నంబరు చెప్పబోయి ఆగింది.

"మా చెల్లెలి పిల్ల, మేడం."

ముందు పిల్లని తీసుకెళ్ళు, మిగతాది తర్వాత చూద్దామని చెప్పి మేడం ఫోన్ పెట్టేసింది.

సందు చివర పిలిచిన ఆటోలో చెల్లెలి ఒళ్ళో పాప, పక్కన సబ్బక్క. చెమ్చాతో చుక్కచుక్కా పోస్తుంటే గతుకులకి సగం చెంప మీదే ఒలికిపోతోంది. ఒకసారి పోసిందంతా కక్కేసింది. ఇద్దరికీ పై ప్రాణాలు పైనే పోయాయి. కాస్త ఆగి సబ్బక్క మళ్ళీ మొదలుపెట్టింది. పాప గుటక వేసిందా లేదా అని ఇద్దరూ ఆ గొంతునే చూస్తున్నారు. దారిలో పోయే బళ్ళన్నీ కావాలని వాళ్ళకి అడ్డం వస్తున్నట్టే ఉంది.

ఆసుపత్రిలో చిన్న చేతిలో సూదికి నరం దొరకడమే కష్టమైంది. నర్సు పాదం మీద కూడా వెతికింది. చివరికి సెలైన్ ఎక్కింది. డాక్టరు వచ్చి చూసి, పిల్ల ఉచ్చ పోస్తే గండం గడిచినట్టు, అందాకా ఏమీ చెప్పలేనని పక్క మంచానికి వెళ్ళిపోయాడు. ఇక చూడండి వాళ్ళ అవస్థ. ఒకరు చెయ్యి పెట్టి పాప కింద గుడ్డ తడిమి చూడడం, పొడిగా ఉందని చెయ్యి తీసెయ్యడం. కాసేపాగి రెండోవాళ్ళు తడిమి చూడడం. మాట్లాడుకోకుండానే వంతులు వేసుకున్నారు. ఆ గుడ్డ ఎంతకీ తడవదే.

మధ్యలో మేడం వచ్చింది. పాపని చూసి, నర్సుతో మాట్లాడి, సబ్బక్కని వసారాలోకి పిలిచింది. ఫోన్ చేసి మంచి పని చేశావంది. చుట్టరికం దాచడం మాత్రం తప్పంది. ఆ ఇంటి కాగితాలు లెక్కలోకి రావని, రేపట్నుంచి ఇళ్ళలో కూర్చునే పని ఇవ్వలేనని, సందులో పంపు నీళ్ళు పట్టించి పరీక్షకి పంపుతానని చెప్పింది. కేకలేసినా బాగుండేది, మెత్తగా చెప్పింది, అందుకే ఎక్కువ గుచ్చుకుంది. సబ్బక్క తలూపి లోపలికి వచ్చేసింది. ఉద్యోగం గురించి బాధపడడానికి కూడా ఆవిడకి అప్పుడు తీరిక లేదు.

గుడ్డ తడిమింది. వెచ్చగా తగిలింది. నమ్మలేక మళ్ళీ తడిమింది. చెల్లెలి చెయ్యి పట్టి లాగి అక్కడ పెట్టింది. చెల్లెలు ఆ తడిలోనే చెయ్యి ఉంచేసుకుని, అన్నేళ్ళూ ఎక్కడ దాచుకుందో గానీ, వెక్కివెక్కి ఏడ్చింది. మంచి ఏడుపు, ఏడవనిచ్చింది సబ్బక్క.

నర్సు వచ్చి గుడ్డ మారుస్తూ తన ధోరణిలో తను చెప్పుకుపోయింది. ఆ సందు పిల్లలు వరసగా వస్తున్నారట, పక్క మంచం కూడా ఆ సందుదేనట. చెల్లెలి చేతులు కనపడి, ఇవేంటమ్మా ఇలా అయ్యాయని అడిగింది. కడుక్కుంటానని చెల్లెలు గొణిగింది. "ఎంత కడిగితే ఏం లాభం, కడిగేదీ ఆ నీళ్ళతోనేగా, తాగేదీ అవేగా," అంటూ నర్సు తడి గుడ్డ తీసుకుని వెళ్ళిపోయింది.

చెల్లెలు ఏడుపు ఆపేసింది. చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని వాటినే చూస్తూ కూర్చుంది.

"మరి అప్పుడు?" అంది.

ఎప్పుడని సబ్బక్క అడగలేదు. అప్పటి నీళ్ళు ఎవరు పరీక్ష చేశారు గనక? చేతులో, నీళ్ళో, ఇంకేదో, ఇప్పుడు ఏ కాలేజీ వాళ్ళు వచ్చినా తేల్చలేరు. తెలీదు అంటే అబద్ధం కాదు. కళ్ళతో చూడనిది చెప్పకూడదనే కదా ఇన్నాళ్ళూ చేసిన ఉద్యోగం. ఆ ఉద్యోగం ఎలాగూ పోయింది.

"అప్పుడూ నీళ్ళే," అంది. చెల్లెలు తలెత్తి తన వైపే చూస్తుంటే అక్కడితో ఆపలేకపోయింది. "ఆ రోజు పనికెళ్తూ బిందె నింపి పెట్టింది నేనే."

సబ్బక్క తల దించుకుని కూర్చుంది. తిడితే పడదామని ఉంది, లేచి పొమ్మంటే పోదామని ఉంది. ఆ రెండూ జరగలేదు. చెల్లెలు సెలైన్ గొట్టం కదలకుండా పాపని మెల్లిగా ఎత్తింది.

"పట్టుకో అక్కా కాస్త," అంది. "నా చెయ్యి తిమ్మిరెక్కింది."

సబ్బక్క పట్టుకుంది. పిల్ల దూదిలా తేలిగ్గా ఉంది, ఒళ్ళు కాలుతోంది. ఆవిడకి భయం పూర్తిగా పోలేదు. సెలైన్ చుక్క పడుతోందా లేదా అని ఇద్దరూ తలలెత్తి చూస్తూ కూర్చున్నారు.